ఈ వారం పెట్టెలో ఏముంది?



పోయిన ఆదివారం రెండవ పూజ అయ్యాక ఒక తల్లి గుడి మెట్ల దగ్గర నన్ను ఆపి ఒక సందేహం అడిగింది. ఆమె కుమార్తె, అల్లుడు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉంటారు. "ఫాదరుగారూ, మా అమ్మాయి వాళ్లు చలికాలంలోనే ఎవరో రైతుకు వందల డాలర్లు కట్టేశారట. జూన్ నెల నుంచి ఆయన వారానికో పెట్టెడు కూరగాయలు ఇస్తున్నాడట. ఫలానావి కావాలని వీళ్లు అడగటానికి లేదట, ఆయన ఇచ్చినవే తీసుకోవాలట. వానలకు పంట పోతే డబ్బు కూడా తిరిగి రాదట. హాయిగా బజారుకు పోయి కావలసినవి ఏరుకోక, ఇదేం తెలివండీ? మీరు ఆ దేశంలో ఉండి వచ్చారు గదా, దానికి కాస్త చెప్పండి" అంది.

2016 నుంచి 2019 వరకు నేను ఆ రాష్ట్రంలోనే ఒక పల్లె విచారణలో గురువుగా ఉన్నాను. అలాంటి పెట్టె నా వంటింటికీ వచ్చింది. మెట్ల మీద నిలబడి ఆమెకు రెండు మాటలు చెప్పి పంపానుగాని, అవి చాలవని ఇంటికి వచ్చాక అనిపించింది. మన భోజనాల బల్లకూ మన విశ్వాసానికీ సంబంధించిన సంగతి అందులో ఉంది. కనుక ఈ వారం దాన్ని గురించే.

ముందు ఆ పద్ధతి ఏమిటో తెలుసుకుందాం. వాడుకలో దాన్ని 'ఫార్మ్ షేర్' అంటారు, అంటే పొలంలో వాటా. అమెరికాలో ఇది 1986లో రెండు చోట్ల ఇంచుమించు ఒకేసారి మొదలైంది. ఒకటి మసాచుసెట్స్ రాష్ట్రం సౌత్ ఎగ్రిమాంట్‌లోని ఇండియన్ లైన్ ఫారం, రెండవది న్యూహాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ క్షేత్రం. ఈ ఆలోచన వారికి స్విట్జర్లాండు, జర్మనీ దేశాల నుంచి అందింది. జపానులో అంతకు ముందే, 1970ల నాటి నుంచి, గృహిణులు రైతులతో నేరుగా ఇలాంటి ఒప్పందాలు చేసుకుంటూ వచ్చారు. విస్కాన్సిన్ రాజధాని మాడిసన్ చుట్టుపక్కల ఇలాంటి పొలాల వారు 1992లోనే ఒక కూటమిగా ఏర్పడ్డారు.

దాని కిటుకంతా డబ్బు ఏ నెలలో చేతులు మారుతుందన్న దానిలో ఉంది. రైతుకు విత్తనం, నారు, ట్రాక్టరు మరమ్మతు, కూలి, అన్నీ పంట చేతికి రాకముందే మీద పడే ఖర్చులు. ఆ నెలల్లో అమ్ముకోవటానికి ఒక్క కాయ కూడా ఉండదు. మన ఊళ్లో అయితే రైతు అప్పుడే కమీషన్ వ్యాపారి గుమ్మం ఎక్కుతాడు. అక్కడ ఎక్కితే పంట ఎవరికి అమ్మాలో, ఏ ధరకు అమ్మాలో ఆ రోజే సగం తేలిపోతుంది. ఫార్మ్ షేర్‌లో ఆ వ్యాపారి స్థానంలోకి తినేవారు వస్తారు. మా విచారణ పక్కనున్న పొలంలో ఒక వాటాకు ఏడాదికి ఐదారు వందల డాలర్లు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, నేల మీద ఇంకా మోకాలి లోతు మంచు ఉండగానే కట్టేవాళ్లం. వడ్డీ లేదు, పత్రం లేదు. అక్టోబరు చివరి దాకా పొలం ఏది ఇస్తే అది మాది.

వేసవి పోయి ఆకురాలు కాలం వచ్చే రోజుల్లో ఆ పెట్టె చూడవలసిందే! ఆగస్టు చివరి దాకా అంతా వేసవి సరుకే: టమాటాలు, తీపి మొక్కజొన్న పొత్తులు, వంకాయలు, బెంగుళూరు మిరప, చిక్కుళ్లు, దోసలు. సెప్టెంబరు రెండో వారం నుంచి పెట్టె అడుగు బరువెక్కుతుంది. పైన టమాటాలు ఉంటాయిగాని వాటి కింద బంగాళదుంపలు, ఉల్లిపాయలు, బీట్‌రూట్లు, గోధుమరంగు తోలుతో సొరకాయ ఆకారంలో ఉండే బటర్‌నట్ గుమ్మడి చేరతాయి. ఒకే పెట్టెలో రెండు రుతువులు పక్కపక్కన కూర్చుంటాయి. ఏడాదిలో మూడు నాలుగు వారాలు మాత్రమే ఆ సంబరం.

తర్వాత ఒక రాత్రి, సెప్టెంబరు చివరో అక్టోబరు మొదలో, మొదటి మంచు పడుతుంది. ఉప్పు చల్లినట్టు ఆకుల మీద తెల్లగా పేరుకుంటుంది. తెల్లవారేసరికి టమాటా, వంగ, మిరప, చిక్కుడు అన్నీ ఉడికించిన ఆకుల్లా నల్లబడి వేలాడతాయి. అదే మంచు క్యారెట్టును, కేల్ అనే ముడతల ఆకుకూరను మాత్రం తియ్యగా చేస్తుంది. చలికి గడ్డకట్టిపోకుండా ఆ మొక్క తనలోని పిండిని చక్కెరగా మార్చుకుంటుంది. ఒకే రాత్రి, ఒకే చలి. ఒక మొక్కకు అది మరణం, పక్క మడిలోని మొక్కకు మాధుర్యం. మడుల మధ్య నిలబడి అది చూసిన ఉదయం నాకు ప్రసంగం రాసుకోవలసిన అవసరం కలగలేదు.

మన తెలుగు కుటుంబాలు ఆ సరుకుతో ఏంచేస్తాయని మీకు అనుమానం రావచ్చు. భయమేమీ లేదు. బటర్‌నట్ గుమ్మడి పులుసుకు మన గుమ్మడి కన్నా ఒక పాలు మేలు. కోసిన వెంటనే కన్నా నాలుగు వారాలు నిల్వ ఉంచితే ఇంకా తీపెక్కుతుంది. కేల్‌ను సన్నగా తరిగి కందిపప్పుతో ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెడితే పుట్టింటి పప్పుకూరే. బీట్‌రూట్ ఆకును పారేయక వేపుడు చేస్తారు. నూల్‌కోల్, టర్నిప్ సాంబారులో మునుగుతాయి. సెలరీ దుంప అని ఒకటి వస్తుంది. వేళ్లూ వెంట్రుకలతో ముఖం చూస్తే జాలేస్తుంది, దానికి మాత్రం నేను ఈనాటికీ తెలుగు దారి కనుక్కోలేదు.

ఇంత చెప్పినవాణ్ని మొదటి ఏడాది ఏంచేశానో కూడా చెప్పాలి. ఒక్కణ్ని ఉండేవాణ్ని, వంట అంతంతమాత్రం. జూలై, ఆగస్టు ఎలాగో నెట్టుకొచ్చాను. సెప్టెంబరులో మూడు వారాలు వరసగా కేల్ వచ్చేసరికి విసుగొచ్చింది. మొదటి కట్ట ఫ్రిజ్‌లో పసుపుపచ్చబడింది. రెండోది, మూడోది తిన్నగా చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఆ పొలంలో వాటాదారులు ఏడాదికి రెండు రోజులైనా వచ్చి పని చెయ్యాలని ఒక మర్యాద ఉండేది. నా వంతు ఒక శనివారం వచ్చింది. బంగాళదుంపలు తవ్వటం. గంట గడవకముందే నడుము పట్టేసింది. పక్క సాలులో రైతు భార్య పనిచేస్తోంది. గోళ్ల చుట్టూ మట్టి నల్లగా ఇంకి, వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంది. ఆమె తల ఎత్తకుండానే, "ఫాదర్, ఆ కేల్ మీకు బాగుందా? పురుగు పట్టకుండా ఈసారి చాలా కష్టపడ్డాం" అంది.

"చాలా బాగుంది" అన్నాను.

ఆ అబద్ధాన్ని ఆ నెల పాపసంకీర్తనంలో చెప్పుకోవలసి వచ్చింది. చెప్పుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగిలింది. డబ్బు కట్టింది నేనే, కట్ట నాది, పారేస్తే తప్పేమిటి?

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో పునీత తోమాసు అక్వినాసువారి మాటలు పరీక్షల కోసం వల్లెవేశాను. అవి నాకు ఒంటబట్టింది మాత్రం ఆ దుంపల సాలులో. మనిషి వస్తువును తనదిగా సంపాదించుకోవచ్చు, కాపాడుకోవచ్చు, కాని వాడుకునేటప్పుడు అది అందరిదీ అన్నట్టు, అవసరమున్నవారితో పంచుకోవటానికి సిద్ధంగా ఉండి వాడుకోవాలని ఆయన బోధించారు. నా కట్ట నాదే. కాని అది తినటానికి పుట్టింది. మా వీధి చివర నలుగురు పిల్లలున్న ఇల్లు ఒకటి ఉంది. అక్కడికి నడిచి వెళ్లటానికి బద్ధకించి దాన్ని చెత్తలో వేశాను.

ఆయనే తిండిపోతుతనం గురించి చెబుతూ, అది ఎక్కువగా తినటం ఒక్కటే కాదంటారు. వేళ కాకముందే తినటం, ఖరీదైనదే కావాలనటం, ఆబగా తినటం, ఇలాగే ఉండాలి అలాగే వండాలి అని అతిగా పట్టింపు పెట్టుకోవటం, ఇవన్నీ దాని రూపాలే. అంటే, ప్రియమైనవారలారా, పళ్లెం ముందు కూర్చుని "నాకు ఇది వద్దు, అదే కావాలి" అని మారాం చేసే సన్నటి మనిషి కూడా తిండిపోతు కావచ్చు! ఇంకొక మాట కూడా ఆయన రాశారు. మనం దాన్ని బోధనల్లో తక్కువగా చెబుతాం. జీవితానికి అవసరమైన పనులకు ప్రకృతి ఆనందాన్ని జోడించింది, కారణం లేకుండా ఆ ఆనందాన్ని తోసిపుచ్చటమూ ఒక లోపమేనని. ఉపవాసం వేరు, అది ఒక ప్రయోజనం కోసం మానుకోవటం. పండిన టమాటాను ముఖం చిట్లించి తినటంలో భక్తి ఏమీ లేదు.

మరుసటి ఏడాది నుంచి కేల్ కట్ట ఆ నలుగురు పిల్లల ఇంటికి వెళ్లేది. ఆ తల్లి సగం తీసుకుని, సగం నాకే వండి పంపేది.

ఇక నష్టం సంగతి. ఆ తల్లి అడిగిన అసలు ప్రశ్న ఇదే గదా. 2018 ఆగస్టు 20 రాత్రి మాడిసన్ ఉన్న డేన్ కౌంటీలో కుంభవృష్టి కురిసింది. కొన్నిచోట్ల ఒక్క రోజులో 10 అంగుళాలకు మించి పడింది. రోడ్లు కొట్టుకుపోయాయి. మేము వాటా కట్టిన పొలంలో పల్లపు మడులన్నీ వరదలో మునిగాయి. నీరు తీశాక కూడా చాలా కాయలు మొక్కల మీదే ఎర్రగా మెరుస్తున్నాయి. కాని వరద నీరు తాకిన కూరగాయలను మనుషులకు అమ్మకూడదని అక్కడి ఆహార శాఖ నియమం. ఆ నీటిలో ఏ మురుగు కలిసిందో, ఏ మందు కలిసిందో ఎవరికి తెలుసు? కళ్లెదుట పంట ఉండగా రైతు దాన్ని దున్నేశాడు.

ఆ వారం పెట్టెలో మెరక మడి నుంచి తీసిన ఉల్లిపాయలు, నాలుగు బంగాళదుంపలు, ఒక చిన్న ఉత్తరం. అంతే. సెప్టెంబరు అంతా సగం పెట్టెలే. వాటాదారుల్లో కొందరు గొణిగారు, లేదనను. ఒకరిద్దరు మరుసటి ఏడాది చేరలేదు. కాని ఎక్కువమంది ఏంచేశారంటే, ఒక శనివారం వచ్చి పాడైన మడులు శుభ్రం చేసి, త్వరగా ఎదిగే ముల్లంగి, పాలకూర విత్తనాలు చల్లి వెళ్లారు. అక్టోబరులో ఆ ముల్లంగి వచ్చింది. నా జీవితంలో ముల్లంగిని అంత ఇష్టంగా తిన్నది లేదు. బజారులో కొన్నవాడికి ఆ వరద ఒక వార్త. మాకు అది మా పళ్లెంలో ఖాళీ. ఆ ఖాళీని చూసినవారికే ముల్లంగి రుచి తెలిసింది.

ఇక్కడ పరిశుద్ధ గ్రంథంలోని రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి ఇంట్లో చదవమని కోరుతున్నాను. నిర్గమకాండము 16వ అధ్యాయంలో మన్నా కథ ఉంది. ఎవరికి ఎంత అవసరమో అంత కూర్చుకోవాలి. ఎక్కువ కూర్చినవారికి మిగల్లేదు, తక్కువ కూర్చినవారికి కొరత రాలేదు. దాచుకున్నది పురుగు పట్టింది. సంఖ్యాకాండము 11లో అదే ప్రజ మన్నా మీద విసిగిపోయి ఐగుప్తు కూరగాయలను తలచుకుని ఏడ్చింది: దోసకాయలు, పుచ్చకాయలు, ఉల్లికాడలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి. చిన్నప్పుడు ఇది చదివి నవ్వుకునేవాణ్ని, ఉల్లిపాయ కోసం ఏడ్వటమేమిటని. ఇప్పుడు నన్ను ఆపేది ఇంకొక మాట. ఐగుప్తులో అవన్నీ ఊరికే తిన్నామని వాళ్లన్నారు. ఊరికేనా? కొరడా కింద ఇటుకలు చేసినవారు, మగబిడ్డలను ఏటిలో పోగొట్టుకున్నవారు ఆ మాట అంటున్నారు! ధర లేదనిపించిన కూరగాయకు ధర ఎవరో చెల్లిస్తూనే ఉన్నారు. అప్పుడు చెల్లించినది వాళ్లే. మరచిపోయారు, అంతే.

మనం మరచిపోలేదని చెప్పగలమా? 2023 జూలైలో కిలో టమాటా వంద దాటి రెండు వందలకు చేరువైతే ఇంటింటా గగ్గోలు పెట్టాం. సెప్టెంబరుకల్లా అది పది రూపాయలకు, ఇంకా కిందికి పడింది. అప్పుడు మనం సంచి నిండా తెచ్చుకుని సంతోషించాం. మదనపల్లె, పత్తికొండ వైపు రైతులు కోత కూలి కూడా రాక పంటను రోడ్డు పక్కన పారబోసే దృశ్యాలు మనకు కొత్త కాదు. ధర పెరిగినప్పుడు మన నొప్పి ఊరంతా తెలుస్తుంది, పడినప్పుడు వారి నొప్పి పేపర్లో ఒక ఫొటో. 1999లో మన రాష్ట్రంలో రైతు బజార్లు వచ్చాక మధ్యవారి బెడద కొంత తగ్గిన మాట నిజం. కాని అక్కడ కూడా నష్టం రైతు ఒక్కడిదే. గంప ఖాళీ కాకపోతే ఇంటికి మోసుకుపోయేది అతనే.

పునీత రెండవ జాన్ పాల్ పాపుగారు 1979 అక్టోబరు 4న అయోవా రాష్ట్రంలోని డెమోయిన్ దగ్గర ఒక పొలంలో దివ్యపూజాబలి అర్పించారు. ఒక సామాన్య రైతు రాసిన ఉత్తరం అందుకుని ఆయన అక్కడికి వెళ్లారు. ఆనాటి ప్రసంగంలో ఆయన రైతులకు చెప్పినవి కృతజ్ఞత, నేలను కాపాడటం, ఔదార్యం. రైతులకు చెప్పారని మనం వాటిని రైతులకే వదిలేస్తున్నాం. ద్వితీయోపదేశకాండము 26లో తొలి పంట బుట్టను పీఠం ముందు పెట్టాక ఆ రైతు, లేవీయుడు, ఊళ్లోని పరదేశి కలిసి సంతోషించాలని ఉంది. బుట్ట ఒకరిది, సంతోషం ముగ్గురిదీ. నాతో చదివిన మంగుళూరు సోదరులు సెప్టెంబరు 8న, మరియమాత జన్మదినాన, కొత్త వరి వెన్నులను గుడిలో ఆశీర్వదింపజేసుకుని, ఆ గింజలను ఇంటిల్లిపాదీ పంచుకుని, కూరగాయల భోజనం చేసేవారు. సముద్ర తీరం వారు కదా, చేప లేని పండుగ ఏమిటని మేము ఎగతాళి చేసేవాళ్లం. కాయ రుచి తెలియాలంటే చేప ఒక రోజు ఊరుకోవాలి అని ఒక సోదరుడు అనేవాడు.

తిరిగి వచ్చాక మా విచారణలో ఈ పద్ధతిని చిన్నగా ప్రయత్నించాం. పన్నెండు కుటుంబాలం ఒక కూరగాయల రైతుకు నాలుగు నెలల డబ్బు ముందే ఇచ్చాం. మూడు వారాలు వరసగా వంకాయ, సొరకాయ వచ్చేసరికి మూడు ఇళ్లవారు, "ఫాదరుగారూ, మా పిల్లలు బెండకాయ తప్ప తినరు" అని తప్పుకున్నారు. వాళ్లను ఏమనగలను, నా కేల్ కట్టలు నాకు గుర్తున్నాయి. డిసెంబరు వానకు మడి కుళ్లి రెండు వారాలు ఏమీ రాలేదు, ఇంకో రెండు ఇళ్లు మానేశాయి. ఏడు ఇళ్లు మిగిలాయి. లెక్క ప్రకారం గొప్ప విజయమేమీ కాదు. కాని ఆ రైతు ఆ ఏడాది విత్తనానికి అప్పు తేలేదు. "ఎవరికి అమ్మాలో నేనే చూసుకున్నాను ఫాదర్" అన్నాడు. ఆ ఏడు ఇళ్లలో ఒక ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన మళ్లీ మొదలైంది. ఏడేళ్ల పిల్ల ఆ ప్రార్థనలో రైతు పేరు కూడా చేర్చింది, ఎవరూ నేర్పకుండానే.

ఈ సంగతులన్నీ రాసుకుని నిన్న సాయంత్రం ఆ తల్లి ఇంటికి వెళ్లాను. నా మాట మొదలుపెట్టేలోగా కూతురు ఫోనులోకి వచ్చింది. అక్కడ ఆ రాత్రికి మంచు పడుతుందని హెచ్చరిక వచ్చిందట. రైతు ఆ మధ్యాహ్నమే తోటంతా దూసి, పెట్టె నిండా పచ్చి టమాటాలు పంపాడట. "ఇన్ని పచ్చికాయలు ఏంచేసుకోనమ్మా?" అని ఆ అమ్మాయి గోల.

"డబ్బు కట్టి పచ్చికాయలు తెచ్చుకున్నావా?" అని ఒక్క క్షణం ఆగింది ఆమె. తర్వాత నా వైపు చూసి, ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుంది. "సరేలే. కాస్త రంగు తిరిగినవి కాగితంలో చుట్టి పక్కన పెట్టు, అవే పండుతాయి. గట్టివి ముక్కలు కొయ్యి. నువ్వులు ఉన్నాయా ఇంట్లో? ముందు నువ్వులు వేయించుకో, మాడనివ్వకు. పచ్చిమిర్చి నూనెలో మగ్గాక కాయముక్కలు వెయ్యి. చింతపండు వద్దు, ఆ కాయల్లో పులుపు ఉంటుంది. పక్కింటి వాళ్లకు కూడా ఒక గిన్నెడు ఇవ్వు."